ఒకటే తుపాకీ సరే, మన దగ్గర ఏది?
ఆత్మరక్షణకి తుపాకీ ఒకటే ఎంచుకుని చెయ్యి దానికే అలవాటు చెయ్యమని ఒక వ్యాసంలో చదివాను, దాంట్లో నాకు పేచీ లేదు. ఏది ఎంచుకోవాలన్న దగ్గరే ఆ వ్యాసం అమెరికా వాళ్లకి రాసినట్టుంది. అందులో చెప్పిన 9 ఎంఎం (తూటా సైజు) పిస్టల్ మన దేశంలో మామూలు లైసెన్సుకి రాదు. మిగిలేది ఎక్కువగా పాయింట్ 32 సైజు, అంటే మన సర్కారీ ఫ్యాక్టరీల్లో చేసే కాన్పూర్ రివాల్వరో, అశని పిస్టలో. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండు తుపాకులకి మించి ఉంచుకోకూడదు కూడా. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వాళ్లలో ఈ రెండూ కొన్నోళ్లున్నారు. అది తప్పు లెక్క. రివాల్వర్‌కి ట్రిగ్గర్ గట్టిగా లాగితే చాలు, పిస్టల్‌కి స్లైడ్ (పైన జరిగే భాగం) వెనక్కి లాగాలి, సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) తియ్యాలి. కంగారులో చేతికి ఏది గుర్తుంటుంది? నా ఓటు రివాల్వర్‌కే. సాధన సంగతి ఇంకా కష్టం. మా మామదైతే బీరువాలోంచి బయటికొచ్చేది రెన్యువల్‌కి, ఎలక్షన్లప్పుడు స్టేషన్లో అప్పజెప్పడానికి, అంతే (పూజకి కూడా తీస్తాడనుకోండి, దసరాకి). తూటాలా, లైసెన్సులో రాసినన్నే, పైగా ఖరీదు. అందుకే తూటాలు వేరే గదిలో పెట్టి, సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, ఇటుక గోడవైపు గురిపెట్టి, గురి కదలకుండా ట్రిగ్గర్ లాగడం నేర్చుకోవాలి. పైసా ఖర్చు లేదు, రోజూ పది నిమిషాలు చాలు.