అరిగిన కీలు, రెండు కిలోల కెమెరా: అన్నాచెల్లెళ్ల వాదోపవాదం

అన్నకు కడపలో ఫొటో స్టూడియో ఉంది. ఎక్కువగా పెళ్లిళ్ల పనే. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి, పెద్ద కెమెరా అమ్మేసి చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొనాలని చూస్తున్నాడు. చెల్లెలు ప్రొద్దుటూరులో ఫిజిక్స్ లెక్చరర్. ఉన్న కెమెరాకే గ్రిప్పు, చేతిపట్టీ బిగించుకుంటే చాలంటుంది. నా మొగ్గు ఆమె వైపే. కానీ అన్న ప్రశ్నల్లో కొన్నింటికి ఆమె దగ్గరా జవాబు దొరకలేదు. అవి కూడా ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

అన్న: బాడీ, 24-70 జూమ్ లెన్సు, పైన ఫ్లాషు కలిపితే రెండు కిలోలకు దగ్గర. దానికి నువ్వు ఇంకో గ్రిప్పు, ఇంకో పట్టీ తగిలించమంటావు. నొప్పి ఉన్న చేతికి బరువు తగ్గించాలా, పెంచాలా?

చెల్లెలు: బరువు ఎంతన్నది సగం మాటే అన్నా. దాన్ని చేతిలో ఏ భాగం మోస్తోందో అది చూడు. నువ్వు బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య కెమెరాను నొక్కిపట్టి మోస్తున్నావు. బొటనవేలి కొనతో ఒక కిలో బలంతో నొక్కితే, మొదట్లో ఉన్న కీలు మీద సుమారు 12 కిలోలు పడుతుందని 1977లోనే లెక్కగట్టారు. నీ డాక్టరు చూపించింది ఆ కీలునే. నీళ్ల బిందెను అంచు పట్టుకుని వేళ్లతో ఎత్తి చూడు, తర్వాత చంకన పెట్టుకుని చూడు. నీళ్లు అవే కదా.

అన్న: అందుకేనమ్మా చిన్న కెమెరా అంటున్నా. తేలికైనదాన్ని అంత గట్టిగా నొక్కాల్సిన పనే ఉండదు.

చెల్లెలు: షోరూంలో పట్టుకుని చూశావు కదా, చిటికెన వేలు ఎక్కడ పెట్టావు?

అన్న: దానికి చోటు లేదు. కిందికి జారిపోయింది.

చెల్లెలు: మరి! పట్టు సన్నగా ఉంటే వేళ్లు ఇంకా ముడుచుకోవాలి, ఇంకా బిగించాలి. కీళ్లనొప్పులున్నవాళ్లకు లావు పెన్ను, లావు పిడి చెంచా వాడమని చెప్పేది ఇందుకే. పైగా తక్కువ వెలుతురులో పనికొచ్చే ఆ 2.8 లెన్సు లేకుండా నీకు పని జరగదు. మిర్రర్‌లెస్‌లో కూడా ఆ లెన్సేమీ దూదిపింజె కాదు. బాడీ తేలికై లెన్సు బరువుగా ఉంటే ముందుకు వాలుతుంది. ఆ వాలును ఆపాల్సింది మళ్లీ నీ బొటనవేలే.

అన్న: సరే, చిన్న కెమెరా సంగతి పక్కన పెడదాం. మొన్న నువ్వు చూపించిన బొటనవేలి ఆనింపు, అదే వేలు ఆనించుకునే ముక్క, ఉంది చూడు, అది ఫ్లాష్ పెట్టే చోటులో దూరుతుంది. పెళ్లిలో నా ఫ్లాష్ యాడ పెట్టుకోవాల?

(ఇక్కడ అన్నదే న్యాయం. బజార్లో దొరికే చాలా ఆనింపులు హాట్‌షూలోనే, అంటే ఆ ఫ్లాష్ పెట్టే చోటులోనే, కూర్చుంటాయి. చెల్లెలు దాన్ని వెంటనే వదిలేసింది.)

చెల్లెలు: అది వద్దులే. పట్టీ మాత్రం వదలను. ఒక కొస కెమెరా కుడివైపు కొక్కేనికి, ఇంకో కొస అడుగున ట్రైపాడ్ మరలో బిగించే పలకకు. మధ్యలో వెడల్పు పట్టీ నీ చేతి వెనక భాగం మీదుగా పోతుంది. వేళ్లన్నీ తెరిచేసినా కెమెరా పడదు. పడిపోతుందేమోనన్న టెన్షన్ తోనే నువ్వు ఫొటో తీయని సమయంలో కూడా బిగించి ఉంచుతున్నావు. ఆరు గంటల పెళ్లిలో షట్టర్ నొక్కేది ఎంతసేపు, ఊరికే పట్టుకుని నిలబడేది ఎంతసేపు?

అన్న: తెల్లవారుజామున నాలుగింటికి ముహూర్తమనుకో. ఆ వేళకు నా వేళ్లు కొయ్యబారి ఉంటాయి. బకిల్ పెట్టాలన్నా, ఆ చిన్న మర తిప్పాలన్నా వేళ్లతో గిల్లినట్టు పట్టుకోవాల్సిందే. నొప్పి ఉన్నవాడి కోసం చేసిన వస్తువును పెట్టుకోవడానికే నొప్పి పడాలా? జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన పట్టీలో చెయ్యి ఇరుక్కుంటే ఇంకోసారి పెట్టమని అడగలేను.

చెల్లెలు: వెల్‌క్రో ఉన్నది తీసుకో, బకిల్ వద్దు. మర ముందు రోజు రాత్రే బిగించి పెట్టుకో, నాణెంతో తిరుగుతుంది. పట్టీ వేళ్ల కణుపుల మీదకు రాకూడదు, ఇంకొంచెం మణికట్టు వైపు ఉండాలి. లోపల వేలు దూరేంత వదులు ఉంచు. ఇక పొద్దుటి బిగుసుకుపోవడం అంటావా, ఇలా అరిగిన కీళ్లలో అది సాధారణంగా అరగంటలో సడలుతుంది. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని, మండపానికి కాస్త ముందే చేరుకో.

అన్న: ఇవన్నీ ఆన్‌లైన్‌లో వేలకు వేలు.

చెల్లెలు: అన్నీ కొనాలని ఎవరన్నారు? బ్యాడ్మింటన్ రాకెట్ పిడికి చుట్టే టేపు మన స్పోర్ట్స్ షాపుల్లోనే దొరుకుతుంది. రెండు చుట్లు వేస్తే పట్టు లావవుతుంది, చెమటకు జారదు. పట్టీని చెప్పులు కుట్టేవాళ్లు తోలుతో కుట్టిస్తారు. అడుగున చిటికెన వేలు ఆనడానికి వడ్రంగితో ఒక చెక్క దిమ్మ చేయించు.

అన్న: వడ్రంగి మర నా కెమెరాలో దింపుతావా?

చెల్లెలు: కెమెరా అడుగున ట్రైపాడ్ మర దూరే రంధ్రం పావు అంగుళానిది, అంగుళానికి 20 చుట్లు. దానికి సరిపోయే మరే వాడాలి. పొడవు ముఖ్యం. సోనీ వాళ్లు తమ కెమెరాలకు 5.5 మిల్లీమీటర్ల కంటే పొట్టి మరే వాడమంటారు. నీ కెమెరా పుస్తకంలో ఏముందో చూసి, అంతకు మించి లోపలికి పోకుండా చేయించు. బ్యాటరీ మూతకు దిమ్మ అడ్డం రాకూడదు, అది కూడా చెప్పు.

అన్న: నువ్వు అసలు నొప్పి ఎక్కడో అడగనే లేదు. నిలువు ఫొటో కోసం మణికట్టు పైకి తిప్పినప్పుడు ప్రాణం పోతుంది. నీ పట్టీ, నీ చెక్కదిమ్మ దానికేం చేస్తాయి?

చెల్లెలు: దానికి కెమెరా అడుగున బిగించే బ్యాటరీ గ్రిప్పు. ఆ గ్రిప్పుకు రెండో షట్టర్ బటన్ ఉంటుంది, నిలువుగా పట్టుకున్నా మణికట్టు తిన్నగానే ఉంటుంది.

అన్న: బ్యాటరీలతో ఇంకో మూడొందల గ్రాములు! మొదట అడిగిన ప్రశ్నకే తిరిగొచ్చాం.

చెల్లెలు: మోనోపాడ్, అదే ఒంటికాలి స్టాండు, పెట్టుకో మరి.

అన్న: తలంబ్రాల వేళ మండపం మీద కాలు పెట్టే చోటుండదు, కర్ర యాడ పెడతా?

(దీనికి ఆమె కాసేపు మాట్లాడలేదు. ఇరుకు మండపంలో మోనోపాడ్ కుదరదు, నేనూ ఒప్పుకుంటాను.)

అన్న: ఆదివారం గండికోటలో ప్రీవెడ్డింగ్ షూట్ ఉంది. పెన్న లోయ అంచున గాలి తోస్తుంది. అక్కడ పట్టీ వేసి చూస్తా. అది పనికొస్తే కెమెరా అమ్మను. బ్యాటరీ గ్రిప్పు మాత్రం కొనను.

చెల్లెలు: బరువు ఎడమ అరచేతి మీద, లెన్సు కింద ఉండాలి. మోచెయ్యి డొక్కకు ఆనించు. కుడిచెయ్యి బటన్ నొక్కడానికే. నిలువు ఫొటోలు ఏం చేస్తావు?

అన్న: అడ్డంగా తీసి, తర్వాత నిలువుగా క్రాప్ చేసుకుంటా (కత్తిరించుకుంటా).

చెల్లెలు: 24 మెగాపిక్సెళ్లలో 11 కూడా మిగలవు అన్నా.

అన్న: ఆల్బం పేజీ ఎత్తు 12 అంగుళాలు. నా ఫైలు ఎత్తు 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 దాటి వస్తాయి, ప్రింటుకు అంతకన్నా అక్కర్లేదు. కాకపోతే కొంచెం వెనక్కి జరిగి తీయాలి, అంతే.