ఓర్పు లేక కాదు

ఇంటర్ ఫలితాలొచ్చిన వారం విద్యార్థుల ఆత్మహత్యల మీద ఏ చర్చ విన్నా ఒక మాట వినపడుతుంది: ‘ఈ కాలం పిల్లలకు తట్టుకునే శక్తి లేదు.’ అందులో కొంత నిజముంది. కానీ ఆ నిజాన్ని మనం పిల్లల మీద నేరారోపణగా వాడుతున్నాం.

మానసిక వేదనను భరించలేని స్థితికీ, తనకు తాను హాని చేసుకునే ముప్పుకూ సంబంధం ఉందని మనస్తత్వవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. అవమానం, భయం, తన మీద తనకే రోత ఒక్కసారిగా కమ్ముకున్నప్పుడు మనిషికి రేపు కనిపించదు. ఈ బాధ ఇప్పుడే ఆగాలి, అంతే. నిజానికి ఆ ఉధృతి ఎక్కువసేపు ఒకే స్థాయిలో నిలవదు, పెరిగి తగ్గుతుంది. తగ్గేదాకా నిలబడటం నేర్పవచ్చని చూపించింది అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లైనహాన్. యవ్వనంలో తానూ ఇదే స్థితిలో ఆసుపత్రి పాలయ్యానని ఆమె 2011లో బయటపెట్టారు. ఆమె చికిత్సలో నేర్పేవి వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది: ముఖానికి చన్నీళ్లు పట్టించడం, ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలడం, ఒంటరిగా ఉండకుండా ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లడం. సమస్య తీరదు. ఆ గంట గడుస్తుంది. ఈత నేర్పినట్టు, మామూలు రోజుల్లోనే నేర్పాల్సిన విద్య ఇది.

మనం నేర్పేది మాత్రం నోరు మూసుకుని భరించడం. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలుపెట్టి రాత్రి దాకా కూర్చుని, వారాంతపు పరీక్షలో ర్యాంకు పడిపోతే కింది సెక్షన్‌కి బ్యాగు మోసుకెళ్లే హాస్టల్ పిల్లాడికి ఓర్పు లేదంటే ఎలా నమ్మాలి? అతనికి లేనిది ‘నావల్ల కావట్లేదు’ అని చెప్పుకునే చోటు. పైగా, నొప్పికీ భయానికీ అలవాటుపడటమే కొందరిలో ఆత్మహత్య ప్రమాదాన్ని పెంచుతుందని మనస్తత్వవేత్త థామస్ జాయినర్ సిద్ధాంతం. మౌనంగా భరించేవాడు క్షేమంగా ఉన్నాడని అనుకోలేం.

ఇంకో సంగతి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 99 బదులు సున్నా వేశారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు, నిజమే. కానీ మార్కులు తప్పువేసిన వ్యవస్థను వదిలేసి పిల్లల మనోబలాన్ని కొలవడం ఏం న్యాయం?

విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందు అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలి. మొదటిది జరిగిందని చూపడం తేలిక, ఒక గది, ఒక నేమ్‌బోర్డు చాలు. రెండోది అమలుచేస్తే కార్పొరేట్ కాలేజీల వ్యాపారానికే దెబ్బ. తనిఖీకి వెళ్లే అధికారి మొదట ఆ సెక్షన్ల జాబితా అడగాలి.

(మీకుగానీ, మీవాళ్లకుగానీ ఇలాంటి ఆలోచనలు వస్తుంటే టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.)