చంకనెక్కిన చక్రవర్తి

చారిత్రక నగరాలను పిల్లలకు చూపించి తీరాలనే సిద్ధాంతాన్ని నమ్మడంలో జర్మనీలోని మన తెలుగు కుటుంబాలను మించినవారు లేరు. మ్యూనిక్‌లో ఉద్యోగం, వీపున సంచి, సంచిలో పులిహోర డబ్బా, చేయి పట్టుకుని అయిదేళ్ల పిల్లవాడు ఉన్నాక శనివారం పొద్దున్నే న్యూరెంబర్గ్ బయలుదేరక తప్పుతుందా? వేగంగా పోయే రైలులో గంట చిల్లర. చవక టికెట్టు చెల్లే రైలులో ఇంకొంతసేపు కూర్చోవాలి. మనవాళ్లు రెండోదే ఎక్కుతారు. అలా మిగిల్చిన డబ్బంతా మధ్యాహ్నానికల్లా ఐస్‌క్రీము బండివాడి పాలవుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, 'పిల్లవాడికి నాలుగు విషయాలు తెలుస్తాయి' అంటారు. కోట గుమ్మం దగ్గర తండ్రి ఫోను చూసి గంభీరంగా చదువుతాడు. ఈ ఊరి పేరు మొదటిసారి ఒక పత్రంలో కనబడింది 1050లో. 'అప్పుడు నేను ఎక్కడున్నాను?' అంటాడు పిల్లవాడు. చరిత్ర శాఖలో ఏ ఆచార్యుడూ ఇంత మౌలికమైన ప్రశ్న వేసి ఉండడు. జవాబు చెప్పలేక తండ్రి, కింద కనిపించే ఎర్ర కప్పుల వైపు చేయి చూపి, 'అవన్నీ వందల ఏళ్ల నాటివి నాన్నా' అంటాడు. 1945 జనవరి 2 రాత్రి బాంబుల కింద పాత ఊరు చాలామటుకు నేలమట్టమైంది. చేయి చూపిన ఇళ్లలో ఎన్నో తాతగారి కంటే చిన్నవి.

మిట్టమధ్యాహ్నం చౌరస్తాలోని ఫ్రాయెన్‌కిర్షె అనే చర్చి ముందు జనం గుమిగూడతారు. చర్చి గడియారంలో ఉన్నది నాలుగో చార్లెస్ చక్రవర్తి. రాజును ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల బొమ్మలు బయటికొచ్చి ఆయన చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తాయి. 1356లో ఆయన జారీ చేసిన 'గోల్డెన్ బుల్' శాసనానికి గుర్తుగా 1509 నుంచి సాగుతున్న తంతు ఇది. ఆ శాసనం ప్రకారం ఏడుగురిలో నలుగురు ఒప్పుకుంటే రాజు ఖాయం. మన కుటుంబ రాజ్యాంగం ఇంకా ముందడుగు వేసింది. ముగ్గురిలో ఒక్కరు ఒప్పుకుంటే చాలు. ఆ ఒక్కరు తండ్రి భుజాలెక్కి, జుట్టు పట్టుకుని, ప్రదక్షిణ పూర్తికాకముందే 'ఉచ్చ వస్తోంది' అని ప్రకటిస్తారు. సభ అంతటితో వాయిదా.

ఈ హడావుడిలో దాటిపోయే సంగతి ఒకటుంది. ఈ చౌరస్తా ఉన్నచోట ఒకప్పుడు యూదుల ఇళ్లుండేవి. చర్చి ఉన్నచోట వారి ప్రార్థనా మందిరం ఉండేది. 1349లో ఇదే చార్లెస్ అనుమతితో వాటిని కూలగొట్టారు, వందలమందిని చంపారు. ఆరువందల ఏళ్ల తర్వాత నాజీ నేతలను విచారించిన న్యాయస్థానమూ ఈ ఊళ్లోనే ఉంది. ఆ వైపు మాత్రం ఎవరూ వెళ్లరు. 'వాడికేం అర్థమవుతుందండీ' అంటారు. నాలుగు విషయాల్లో ఇవి రావన్నమాట. గోపురాల ఎత్తు మాత్రం వాడికి అర్థమైపోతుంది.

పిల్లవాడి దృష్టిలో న్యూరెంబర్గ్ చరిత్ర మొత్తం కోటలోని బావిలో ఉంది. సుమారు 50 మీటర్ల లోతు, రాతిలో తొలిచినది. అక్కడి ఉద్యోగి కాసిని నీళ్లు వంపుతారు. అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. ఏమీ వినబడదు. ఇంకా వినబడదు. ఎక్కడో పాతాళంలోంచి 'ఛప్'మంటుంది. తర్వాత దీపం కిందికి దించితే నీళ్లు ఎంత కిందున్నాయో తెలుస్తుంది. 'మళ్లీ పొయ్యి' అంటాడు పిల్లవాడు. ఆ రోజు మొత్తంలో ఒక చారిత్రక కట్టడాన్ని మళ్లీ చూడాలని ఎవరైనా కోరడం అదొక్కసారే. ఆ సమయానికి తల్లిదండ్రులు చీకటిని వీడియో తీస్తుంటారు.

జర్మానిక్ జాతీయ మ్యూజియంలో 1492 నాటి భూగోళం ఉంది. మార్టిన్ బెహైమ్ చేయించినది. ఇప్పటికి మిగిలిన భూగోళాల్లో అతి పాతది. అందులో అమెరికా లేదు. అమెరికా లేని భూగోళాన్ని ఏ తెలుగు తల్లిదండ్రులైనా పిల్లలకు ఎలా చూపిస్తారు? కొడుకు భవిష్యత్తు ఉండాల్సిన చోట ఉత్త సముద్రం కనబడితే వారి గుండె ఏం కావాలి? అందుకే నేరుగా బొమ్మల మ్యూజియానికి తీసుకెళతారు. అక్కడ బొమ్మలు చాలావరకు అద్దాల వెనక ఉంటాయి. అయిదేళ్ల ప్రాణికి రైలింజను చూపించి ముట్టుకోకు అనడం ఏ రకం విద్యో శిశు మనస్తత్వవేత్తలే చెప్పాలి. ఏటా ఈ ఊళ్లో జరిగే ప్రసిద్ధమైన బొమ్మల సంతలోకి ప్రవేశం వ్యాపారులకేనట. బొమ్మల విషయంలో ఈ ఊరికి ఒక నిశ్చితాభిప్రాయం ఉంది. అవి పిల్లల చేతుల్లో పెట్టాల్సినవి కావు.

సాయంత్రం తిరుగు రైలులో మన బుల్లి చక్రవర్తి తల్లి ఒళ్లో నిద్రపోతాడు. యాత్ర అసలు ఘట్టం అప్పుడు మొదలవుతుంది. ఫొటోలు బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వెళతాయి, వాటితో పాటు బావి దగ్గర తీసిన నల్లటి వీడియో కూడా. నిమిషంలో పెద్దత్తయ్య జవాబు. 'ఏమీ కనబడటం లేదమ్మా. అయినా బాబు అంత చిక్కిపోయాడేమిటి? అక్కడ అన్నం దొరకదా?'

వచ్చే నెల రోథెన్‌బర్గ్ వెళ్లాలనుకుంటున్నారు. అక్కడ మధ్యయుగపు నేరాలు, శిక్షల మ్యూజియం ఉంది. చాడీలు చెప్పేవారికి, పొరుగువారి సంగతుల్లో తలదూర్చేవారికి తొడిగే ఇనుప ముఖాలు పెద్ద పెద్ద చెవులతో, వేలాడే నాలుకలతో వరుసగా పెట్టి ఉంటాయి. ఈసారి పిల్లవాడికి నాలుగు విషయాలు తెలియడం గురించి ఎవరూ ఏమీ అనడం లేదు. తల్లి మాత్రం వాటి నమూనాలు దుకాణంలో అమ్ముతారేమోనని, ఇండియాకు పార్సిల్ ఖర్చు ఎంతవుతుందోనని వాకబు చేస్తోంది.