కొండనెక్కే తాడు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నైలాన్ తాడు గారి సముఖానికి,

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి నమస్కరించి వ్రాయునది. శిలారోహణ చరిత్ర రాసేవారందరూ వేళ్ల బలాన్నీ గుండె నిబ్బరాన్నీ పొగిడి, తమరిని సామాన్ల పట్టీలో చేర్చి చేతులు దులుపుకుంటున్నారు. ఇది అన్యాయం.

నారతాళ్ల కాలంలో ముందు ఎక్కేవాడికి ఉన్న నియమం ఒక్కటే: పడకూడదు. ఆ తాడు సరిగా సాగదు కనుక, పడినవాడి ఊపునంతటినీ ఒక్క కుదుపుతో అతడి నడుముకే అప్పగించేది, లేదా తానే తెగి ఊరుకునేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యపు కొలువులో చేరిన తమరు సాగి ఆదుకోవడం మొదలుపెట్టారు. 1953లో జర్మనీకి చెందిన ఎడెల్‌రిడ్ సంస్థ తమకు లోపల పేటలు, పైన అల్లిన తొడుగు అమర్చింది. అటుపైన పడడం కూడా సాధనలో భాగమైపోయింది. వందసార్లు పడి నూటొకటోసారి దాటినవాడు వీరుడయ్యాడు; వందసార్లూ పట్టుకున్న తమకు దండ వేసినవాడు లేడు.

తమ బంధువర్గం మాటకొస్తే, తమరిని తగిలించేందుకు సుత్తితో దిగగొట్టే ఇనుప మేకులు అమెరికాలోని యోసెమిటీ లోయ రాతి పగుళ్లను పాడుచేస్తున్నాయని వాటిని అమ్మే ఇవాన్ షునార్డే 1972లో తన సరుకుల పట్టికలో ప్రచారం మొదలుపెట్టాడు. (ఇటువంటి వ్యాపారిని మా బజారులో చూపించమంటే నా తరం కాదు.) రే జార్డిన్ రూపొందించిన స్ప్రింగు పరికరాలు 1978లో అమ్మకానికి వచ్చాక, సుత్తి దెబ్బ లేకుండానే పగులులో బిగుసుకునే వీలు మరింత పెరిగింది. అంతకుముందే, 1970లో, ఇటలీ ఆరోహకుడు చెజారే మాయెస్త్రి దక్షిణ అమెరికా కొసన పటగోనియాలోని సెర్రో టోరే శిఖరం మీదికి పెట్రోలు కంప్రెసరు చేర్పించి, వందలాది బోల్టులు దిగగొట్టాడు. రోడ్డు గుత్తేదారు కూడా అంత శ్రద్ధగా చిల్లులు వేయడు.

2017లో అలెక్స్ హోనాల్డ్ యోసెమిటీలోని ఎల్ కెపిటాన్ అనే నిట్టనిలువు బండను తాడు లేకుండా ఎక్కినప్పుడు లోకం తమకు విడాకులిచ్చినంత సంబరపడింది. ఆ దారిలోని కష్టమైన పట్లను అతడు అంతకుముందు తమ మీద వేలాడుతూనే బట్టీపట్టాడన్న సంగతి, కాళ్లకు జిగురు రబ్బరు బూట్లున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇక నా ఫిర్యాదు. మా బజారులో తమ పేరు పెట్టుకున్న పచ్చటి ప్లాస్టిక్ తాడు ఒకటి కిలోల లెక్కన అమ్ముడవుతోంది. దుకాణదారు దాన్ని కాటా మీద పడేసి, "ఏనుగుని కట్టినా తెగదు బాబూ" అంటాడు. నిజమే, తెగదు. లారీ సరుకుకు సాగని తాడే మేలు. గాలిలో పడే మనిషికి సాగే తాడు కావాలి. ఈ తేడా తెలియని మా కుర్రాళ్లు దాన్నే నడుముకు ముడివేసుకుని, మహేంద్రగిరి వైపు బండల మీద ఫొటోలకు నిలబడుతున్నారు.

కనుక తమరు ఆ పచ్చతాడుకు తక్షణమే తాఖీదు పంపి, అది గడ్డిలారీలకే పరిమితమయ్యేలా ఆదేశించగలరు. తమ అసలు రూపం ఈ ఊరి దుకాణాల్లో ఎక్కడా దొరకదు గనుక, జవాబుతోపాటు 60 మీటర్ల నమూనా పంపినా నాకు అభ్యంతరం లేదు. పోస్టు ఖర్చులు మాత్రం తమరే భరించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు