సవరణ: మైకేల్ కోర్ట్నీ గారు గితెగా ఆర్చ్‌బిషప్ కాదు

ఆఫ్రికా దేశం బురుండి మీద మొన్న పెట్టిన పోస్టులో మైకేల్ కోర్ట్నీ గారిని అక్కడి గితెగా నగరానికి ఆర్చ్‌బిషప్ అని రాసేశాను, అది తప్పు. గితెగా ఆర్చ్‌బిషప్ జోకిం రుహునా గారు, ఆయన్ని కూడా దారి కాచే చంపారు కానీ అది 1996లో, నేనే ఇద్దర్నీ కలిపేశాను. కోర్ట్నీ గారిది ఐర్లాండ్, బురుండిలో పోప్ రాయబారి, అంటే నున్షియో అన్నమాట. రాయబారి చేతికింద అక్కడ డయాసిస్, అంటే బిషప్ చూసుకునే ప్రాంతం, ఏదీ ఉండదు, అటు ప్రభుత్వంతోనూ ఇటు అక్కడి బిషప్పులతోనూ వాటికన్ తరఫున మాట్లాడటమే ఆయన పని. 2003 డిసెంబర్ 29న ఒక అంత్యక్రియలకి వెళ్లి కార్లో బుజుంబురా నగరానికి తిరిగొస్తుంటే మినాగో దగ్గర కాల్పులు జరిపారు, ఆ గాయాలతోనే చనిపోయారు, ఎంత ఘోరమో. అప్పటి వార్తలు, చర్చి వర్గాల రిపోర్టులు మళ్లీ చదివి ఇది రాస్తున్నా. పాత పోస్ట్ షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.