మా వీధి మధ్యలో గీత

మాది మర్రిపాలెం వైపు ఒక ఇరుకు వీధి. ఎదురింటి మావయ్య తుమ్మితే మా ఆవిడ వంటింట్లోంచి "నూరేళ్లు" అంటుంది. అంత దగ్గర.

2007లో గ్రేటర్ విశాఖకి మొదటి ఎన్నికలు జరిగినప్పుడు మొత్తం 72 వార్డులు. మా వార్డు నంబరు నాకు స్కూల్లో రోల్ నంబరులా కంఠతా. ఆ పాలకవర్గం గడువు 2012లో తీరిపోయింది. ఆ తర్వాత 2021 దాకా కార్పొరేటరే లేడు, స్పెషలాఫీసర్ల పాలన. ఈలోగా భీమిలి, అనకాపల్లి వచ్చి కలిశాయి. 72 కాస్తా 98 అయ్యాయి. అట్టు పెద్దదే గానీ, ముక్కలు ఇంకా ఎక్కువ కోశారు.

కొత్త వార్డులకి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాసి, అభ్యంతరాలుంటే చెప్పండన్నారు. ఆ వార్త వచ్చిన పేపరు మా ఆవిడ అల్మరాలో పరిచి, పైన పప్పు డబ్బాలు పెట్టింది. కందిపప్పు కింద మా భవిష్యత్తు ఉందని నాకేం తెలుసు?

ఎన్నికలొచ్చాయి. సీటు మహిళలకి రిజర్వు అయింది. నా చిన్ననాటి స్నేహితుడు వాళ్లావిడని నిలబెట్టాడు. పోస్టర్లో ఆవిడ ఫొటో బొట్టంత, వీడి ఫొటో బిందెంత. ఇంక చూడండి, పది రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి తిరిగాను. గొంతు పోయింది, చెప్పులు అరిగాయి. ఇంటింటికీ ఓటరు స్లిప్పులు పంచాను. నా స్లిప్పు కట్టలో కనిపించలేదు. పంచేవాడికి స్లిప్పెందుకులే అనుకున్నాను.

మార్చి 10న ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు లైన్లో నిలబడ్డాను. లోపలి అమ్మాయి జాబితా రెండుసార్లు తిరగేసింది.

"మీ ఓటు ఇక్కడ లేదండీ. పక్క వార్డు."

"అదేంటమ్మా, ఈ వార్డుకి ప్రచారం చేసిందే నేను!"

వెనక నుంచి మావయ్య గొంతు. "అల్లుడూ, మన వీధి మధ్యలోంచి గీత గీసేశార్రా. ఇటు మేం, అటు మీరు. నీకు తెలీదేటి?"

లైన్లో నవ్వనివాడు లేడు. నా స్లిప్పు పక్క వార్డు కట్టలో ఉందట. అక్కడ నిలబడినవాళ్ల పేర్లు నాకు ఒక్కటీ తెలియదు. ఎవరికి వేశానో అడక్కండి.

స్నేహితుడు గెలిచాడు. అంటే వాళ్లావిడ గెలిచింది. కొన్నాళ్లకి మా గేటు ముందు వీధి దీపం ఆరిపోయింది. స్తంభం మావయ్య వైపు, వెలుగు పడేది మా వైపు. ధీమాగా స్నేహితుడి దగ్గరికెళ్లాను.

"నువ్వు మా వార్డు కాదు కదరా," అన్నాడు టీ ఇప్పిస్తూనే. "మా వార్డువాళ్లెవరైనా చెబితే వేయించేస్తాను."

మావయ్య కాళ్లావేళ్లా పడ్డాను.

"వెలుతురు మీది, అర్జీ నాదా? సరే, మీ పక్క కాలవలో పూడిక నిండిపోయి దోమలన్నీ మా ఇంటికొస్తున్నాయి. అది మీ కార్పొరేటరుకి నువ్వు చెప్పు, దీపం సంగతి మావాళ్లకి నేను చెప్తాను."

అలా నా దీపం అర్జీ ఆయన, ఆయన దోమల అర్జీ నేను పట్టుకుని చెరో దిక్కుకీ బయల్దేరాం. మా కొత్త కార్పొరేటరు నన్ను ఎగాదిగా చూసి, "ఎన్నికలప్పుడు మీరు ఊళ్లో లేరా?" అన్నారు. ఉన్నానని ఎలా చెప్పను!

వారం తిరక్కుండా కాలవ బాగైంది. దీపమూ వచ్చింది. కానీ బిగించిన కుర్రాళ్లు లెక్క ప్రకారం పోయారు. వాళ్ల వార్డు దీపం కదా, మొహం వాళ్ల వైపు తిప్పి బిగించారు. మా గేటు దగ్గర యథాప్రకారం చీకటి.

మర్నాడు పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో మావయ్య వచ్చాడు.

"అల్లుడూ, రాత్రంతా పడగ్గదిలో పట్టపగల్రా. ఓసారి మీ కార్పొరేటరుకి చెప్పవా?"