లెన్స్‌లోకి చూస్తే ఒప్పుకున్నట్టేనా?

"కళ్లలోకి చూసిన ఫొటోయే నిజమైన ఫొటో" అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుగురు పంపారు. వాళ్లలో ఇద్దరు కెమెరాతో బతికేవాళ్లే. అందుకే ఊరుకోలేకపోతున్నాను. డాక్యుమెంటరీ ఫొటోలో మనిషి లెన్స్‌లోకి చూడాలట. చూస్తేనే భావం పలుకుతుందట, చూస్తే అబద్ధం ఉండదట, చూశారంటే ఫొటోకి ఒప్పుకున్నట్టేనట. దానికి 50 ఎంఎం లెన్సే వాడాలట.

లెన్స్ గొడవ వదిలేయండి. ఎవరి దగ్గర ఏది ఉంటే అది.

భావం అంటారా, 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో డొరోథియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన 'మైగ్రెంట్ మదర్' (వలస తల్లి) ఫొటో చూడండి. ఆ తల్లి మనవైపు చూడదు. ఆమె భుజాల మీద వాలిన ఇద్దరు పిల్లల ముఖాలే కనిపించవు. ఏం తక్కువైంది?

నాకు ఒళ్లు మండింది ఆ ఒప్పుకోలు మాటకే. పైగా దానికి సాక్ష్యంగా, లెన్స్‌లోకి సూటిగా చూసే 'అఫ్గాన్ గర్ల్' ఫొటో పెట్టారు! 1984లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఫొటో అది. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం. ఆ కళ్లలో భయం ఉందని పత్రిక అట్ట మీదే రాసింది. 2002లో ఆమె ఆచూకీ దొరికాక అడిగితే, అప్పుడు తనకు కోపం వచ్చిందని చెప్పింది. తీస్తున్నది ముక్కూమొహం తెలియని మగవాడు. అంతకుముందు ఆమెను ఎవరూ ఫొటో తీయలేదు. 17 ఏళ్లు లోకమంతా ఆ కళ్లను చూసింది, షర్బత్ గులా అన్న పేరు మాత్రం తెలుసుకోలేదు. కోపాన్నే భయం అనుకున్నవాళ్లం, ఆ చూపులో అంగీకారం ఉందని ఏ ధైర్యంతో చెబుతాం? 'అబద్ధం ఉండదు' అన్నదానికీ నా జవాబు ఇదే.

ఒకసారి ఇటుక బట్టీల దగ్గర ఒకావిడ సూటిగా నా లెన్స్‌లోకి చూసింది. ఫొటో అద్భుతంగా వచ్చిందని మురిసిపోయి ఆమెకు చూపించాను. "మా సేటు మీ పక్కనే నిలబడ్డాడు కదా సార్, వద్దని ఎట్లా అంటాను?" అంది. అక్కడే డిలీట్ చేశాను. ఇప్పుడు చెప్పండి, ఆమె ఒప్పుకున్నట్టేనా?

ఎదురుగా నిలబడే తీయాలన్న విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్లదే న్యాయం. 1938 నుంచి 1941 దాకా వాకర్ ఎవాన్స్ అనే ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ) రైళ్లలో కోటు కింద కెమెరా దాచి ప్రయాణికుల ఫొటోలు తీశాడు. నాకు ప్రాణమైన ఫొటోలవి, ఇన్నాళ్లూ వాటిని వెనకేసుకొచ్చాను. ఎదురుగా నిలబడి తీస్తే అవతలి మనిషి కనీసం ముఖం తిప్పుకోగలడు. ఆ రైల్లోవాళ్లకు ఆ వీలూ లేదు.

కానీ అంత ఎదురుగా నిలబడ్డాక, "మీ పేరేంటమ్మా, తీయమంటారా?" అని నోరు తెరిచి అడగడానికి మనకేం అడ్డం?